చుట్టాల నీళ్ళు

పోయిన వారం నజీరాను క్లాసు మధ్యలో, చేతిలో ఎర్ర పెన్నుతో నిలబెట్టి వచ్చేశాం. ఈ వారమే కథలోకి అడుగుపెట్టిన వాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. నజీరా ఒంగోలు పక్కన ఒక యూనివర్సిటీలో కాంట్రాక్టు టీచరు. నేల, నీరు, అడవి చదువుకునే ఎమ్మెస్సీ పిల్లలకు పరిశోధన వ్యాసం రాయడం నేర్పుతుంది. "మీ కాగితం ఒక్కటే పట్టుకుని, మీ మొహం ఎప్పుడూ చూడని మనిషి మీరు చేసిన పని మళ్ళీ చెయ్యగలగాలి. అలా రాయకపోతే అది వ్యాసం కాదు, ఊసుపోక కబురు" అంటుంది. పిల్లలు తలలూపుతారు. తలూపడం మన కాలేజీల్లో ఎవరూ నేర్పకుండానే వచ్చే విద్య.

వాళ్ళలో ఏసుబాబు ఒకడు. కొత్తపట్నం వైపు చేపలు పట్టేవాళ్ళ పిల్లవాడు. చీమకుర్తి దారిలో ముదిగుంటపాలెం అనే ఊరికి వెళ్ళి, తాగునీళ్ళ మీద ప్రాజెక్టు చేశాడు. నీళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయని తేలింది. చిక్కేమిటంటే, మా నీళ్ళు పాడైపోయాయి మొర్రో అని ఆ ఊరే అర్జీ పెట్టుకుని ఉంది. ఊరి పక్క గుంటలో గ్రానైట్ కోసే ఫ్యాక్టరీ వాళ్ళు పారబోసే తెల్లబురద ఆపించమనీ, మంచినీళ్ళ పైపు వేయించమనీ దాని సారాంశం. అధికారులు యూనివర్సిటీని నివేదిక అడిగితే, ఏసుబాబు గైడు ప్రొఫెసర్ ప్రేమ్‌చంద్ గారు శిష్యుడి అంకెలనే రిపోర్టుగా పంపించారు. ఇక అర్జీ మూసెయ్యడమే తరువాయి.

ఆ వ్యాసం దిద్దుతూ, 'ఇళ్ళ నుంచి తాగునీటి నమూనాలు సేకరించబడినవి' అన్న వాక్యం పక్కన నజీరా ఒక ప్రశ్న రాసింది: సీసా ఎవరు నింపారు? "ఆ ఇంటివాళ్ళే నింపిచ్చారు మేడమ్" అన్నాడు ఏసుబాబు. "దేంట్లోంచి?" అంది నజీరా. క్లాసంతా వాడివైపు తిరిగింది. ఆ సంగతి వాడు ఏ ఇంట్లోనూ అడగనే లేదు.

ఆ జవాబు వెతుక్కుంటూనే మర్నాడు పొద్దున ఇద్దరూ ముదిగుంటపాలెంలో ఆటో దిగారు.

మార్చి నెల ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. ప్రతి ఇంటి ముందూ పట్టాల మీద మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. రోడ్డు మీద నల్లరాతి దిమ్మెలతో లారీ పోయినప్పుడల్లా దుమ్ము లేచి ఆ ఎరుపు మీద వాలుతోంది. నజీరాకు ఘాటుకి దగ్గొచ్చింది. ఏసుబాబుకు దగ్గు కూడా రాలేదు. వాడి ధ్యాసంతా వ్యాసం మీదే ఉంది. ఆ వ్యాసం ఒక పత్రికలో అచ్చుకి ఒప్పుకున్నారు. అది అచ్చయితే ప్రేమ్‌చంద్ గారి దగ్గరే పీహెచ్‌డీ సీటు. వాళ్ళ పేటలో ఇంతవరకూ అంతదూరం చదివినవాడు లేడు.

"నేను శాంపిల్ పట్టిన మొదటిల్లు అదే మేడమ్" అని చూపించాడు.

రేకుల పంచలో ఒకామె కూర్చుని కాయల్లోంచి తాలు ఏరుతోంది. పేరు ఖాజాబీ. పంచలో నులకమంచం మీద ఆమె భర్త బుడే పడుకుని ఉన్నాడు. మనిషి నిలువునా ఎండిపోయాడు గానీ కాళ్ళు మాత్రం వాచి ఉన్నాయి. ఒకప్పుడు కౌలుకి మిరప వేసి, తన బస్తా తనే భుజాన వేసుకుని లారీకెక్కించిన మనిషి. కిడ్నీలు పాడై, ఇప్పుడు వారానికి రెండుసార్లు ఒంగోలు వెళ్ళి డయాలసిస్ చేయించుకుంటున్నాడు. నీళ్ళ వల్లేనని డాక్టరు కాగితం మీద రాయలేదు. నోటితో మాత్రం ఊరి బోరు నీళ్ళు ముట్టుకోవద్దన్నాడు. ఊరి తరఫున అర్జీ పెట్టింది ఈ బుడేనే. డయాలసిస్ లేని రోజుల్లో, నడవగలిగినంత దూరం నడిచి, ఆఫీసుల చుట్టూ తిరిగింది కూడా అతనే.

ఏసుబాబును చూడగానే బుడే మోచేతి మీద లేచాడు.

"వచ్చాడే, రాతి ఫ్యాక్టరీ వాళ్ళ కొత్తల్లుడు. ఏమే, కుర్చీ వెయ్యి. కట్నం బాగానే ముట్టినట్టుంది."

"నేనెవరి దగ్గరా ఏమీ తీసుకోలేదండి" అన్నాడు ఏసుబాబు.

"తీసుకోకుండానే మా నీళ్ళు అమృతమని రాశావా? నా ఒళ్ళు చూడరా. చూసి మళ్ళీ రాయి."

"నువ్వూరుకోవయ్యా, ఇంటికొచ్చిన పిల్లోణ్ణి పట్టుకుని ఏంటా మాటలు" అంటూ ఖాజాబీ కొంగు దులుపుకుని లేచింది. ఆమెకు కోపం లేదని కాదు. కానీ గడప దగ్గర మనిషి నిలబడి ఉంటే కోపం తర్వాతి సంగతి. ఉన్న ఒక్క ప్లాస్టిక్ కుర్చీ నజీరాకు వేసి, ఏసుబాబుకు పీట జరిపింది.

"నీ పేరేంటమ్మా?"

"నజీరా. ఈ పిల్లలకి రాయటం నేర్పుతాను."

"మనోళ్ళేనా తల్లీ. ఎండనపడి వచ్చావు, ఉండు" అంటూ లోపలికి వెళ్ళి, స్టీలు గ్లాసుల్లో నీళ్ళు తెచ్చి ఇద్దరికీ ఇచ్చింది.

నజీరా గ్లాసు అందుకుంది గానీ తాగలేదు. తాగాలా వద్దా అని ఆమె చూపు గ్లాసులో ఉండగానే ఖాజాబీ నవ్వింది.

"తాగమ్మా, భయంలేదు. క్యాను నీళ్ళే. ఎంత లేనోళ్ళమైనా చుట్టాలకి బోరు నీళ్ళిస్తామా?"

నజీరా రాత్రంతా కూర్చుకున్న ప్రశ్నలేవీ అడగాల్సిన పని లేకపోయింది. గ్లాసు నేల మీద పెట్టింది.

"అక్కా, అప్పుడు ఈ బాబు ఖాళీ సీసాలు తెచ్చిచ్చాడు కదా. వాటిల్లో ఏం పోశావు?"

"ఆ సీసాలా? అవీ క్యాన్లోవే" అంది ఖాజాబీ, అదేం ప్రశ్న అన్నట్టు. "పాపం ఈ బాబు లోపలికొచ్చి పట్టుకుంటానన్నాడు. మగపిల్లోడు వంటింట్లోకి ఎందుకు, నువ్వు కూర్చో నాయనా అని నేనే తీసుకెళ్ళా. ఆడోళ్ళు ఎదురొచ్చినా ఈ బాబు తలెత్తి చూడడు, అంత మర్యాదస్తుడు. మజ్జిగిస్తే తాగి, గ్లాసు కూడా కడిగి పెట్టాడు."

ఏసుబాబు తల వంచుకున్నాడు. సీసా తనే పట్టాలనీ, నీళ్ళు దేంట్లోంచి వస్తున్నాయో కళ్ళారా చూడాలనీ వాడికి పుస్తకంలో చెప్పారు. పరాయి ఆడవాళ్ళ వంటింట్లోకి చొరబడకూడదని వాళ్ళమ్మ చెప్పింది. వాడు వాళ్ళమ్మ మాట విన్నాడు.

"మిగతా ఇళ్ళలో ఏం పోశారో తెలుసా అక్కా?" అంది నజీరా. ఆమెకు తెలుసుకోవాలని లేదు. అయినా అడగక తప్పలేదు.

"తెలియకపోవటమేంటి? నేనేగా తిరిగి చెప్పింది. యూనివర్సిటీ వాళ్ళు వస్తున్నారు, ఎవరింట్లోనూ బిందెలో బోరు నీళ్ళు బయటపెట్టొద్దే, ఊరి పరువు పోద్దని ముందురోజే అందరికీ చెప్పొచ్చా. కోటేశ్వరి వాళ్ళింట్లో క్యాను లేకపోతే మా క్యాన్లోంచి నేనే ఓ చెంబెడు పంపా. వాళ్ళ సీసా కూడా..."

అక్కడ ఆగింది. తన మాట తన చెవిన పడ్డట్టుంది. ఏసుబాబు మొహం చూసింది, నజీరా మొహం చూసింది. భర్త వైపు మాత్రం చూడలేదు.

ఇంటి గుట్టు లంకకు చేటని పెద్దలన్నారు. ఈ ఊళ్ళో గుట్టు బయటపడక చేటొచ్చింది. ఊరంతా కలిసి, మర్యాదగా, ఒక్కరు కూడా అబద్ధమాడకుండా, తమ గొయ్యి తామే తవ్వుకున్నారు.

బుడే మంచం దిగాడు. గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"ఏ క్యాను?" అన్నాడు. అరుస్తాడేమోనని నజీరా బిగుసుకుని కూర్చుంది. అతను అరవలేదు.

ఖాజాబీ లోపలికి వెళ్ళబోయింది.

"నిన్నే. ఏ క్యాన్లో నీళ్ళిచ్చావే వాళ్ళకి?"

"మనింట్లో ఎన్ని క్యాన్లున్నాయయ్యా? నీదే."

అది అతని కోసం కొనే క్యాను. డయాలసిస్ మనిషికి నీళ్ళు కూడా కొలిచి ఇవ్వాలి, ఎక్కువైతే ఒంట్లో చేరి ఊపిరాడదు. అతని వంతు నీళ్ళకు ఖాజాబీ ఒక చెంబుకి గీత గీసి పెట్టుకుంది. పోయినేడు మే ఎండల్లో, నాలుక పిడచకట్టుకుపోయి ఇంకొక్క గుక్క ఇవ్వవే అని అతను బతిమాలుతుంటే ఇవ్వకుండా మొహం తిప్పుకుని ఏడ్చేది. ఆ క్యాన్లోంచే ఊరు బాగుందని చెప్పే నీళ్ళు వెళ్ళాయి.

"నేను ఈ పిల్లోణ్ణి తిట్టుకున్నా" అన్నాడు బుడే. "వాళ్ళ సారుని తిట్టుకున్నా. అమ్ముడుపోయారని ఆఫీసులో అందరి ముందూ అరిచొచ్చా. ఇంట్లో నువ్వు..."

"మరి ఇంటికొచ్చినోళ్ళకి ఆ నీళ్ళెట్టా ఇస్తానయ్యా?" ఖాజాబీ పంచలో చతికిలబడింది. "ఉప్పూ వాసనా, బిందె అడుగున తెల్లగా పేరుకుంటుందే. అవి తాగమని ఒకరి చేతికిస్తే నేను మనిషినేనా? పరీక్షకని నాకెవరు చెప్పారు? చెప్పినా ఏం తెలుసు నాకు? అవి తీసుకెళ్ళి ఏదో చూస్తారు, మనింట్లో ఇంత మంచి నీళ్ళున్నాయని అనుకుంటారు అనుకున్నా."

"నువ్వేం తాగుతావక్కా?" అని అడిగింది నజీరా.

"నాకేమ్మా. బోరువే."

ఆ మాట అంత తేలిగ్గా అనేసరికి నజీరాకు ఏం చెయ్యాలో తోచలేదు. లేచి వెళ్ళి ఆమె పక్కన నేల మీద కూర్చుంది.

అధికారులు మధ్యాహ్నం వస్తున్నారని బుడే చెప్పాడు. అర్జీదారు సంతకం ఒకటి పెట్టించుకుంటే ఆ అర్జీ కథ ముగిసిపోతుందట. సంతకం పెట్టకపోతే, యూనివర్సిటీ రిపోర్టు ఉంది కాబట్టి ఎలాగూ మూసేస్తారట. తిరిగి తెరిపించే ఓపిక తనకు లేదని కూడా చెప్పాడు. అది అందరికీ కనబడుతూనే ఉంది.

"ఏమే, వాళ్ళొచ్చినప్పుడు ఈ మాట నువ్వు చెప్పాలి" అన్నాడు.

"నేను చెప్పను." ఖాజాబీ గట్టిగానే అంది. "ఊళ్ళో ఆడోళ్ళందరి చేతా చేయించింది నేను. ఇప్పుడు నా వల్లే పైపు రాలేదంటే నన్ను బతకనిస్తారా? రేపు నీకేమన్నా అయితే ఎవరొస్తారు మనింటికి?"

ఏసుబాబు బ్యాగులోంచి తెల్లకాగితం తీశాడు.

"నేను రాస్తాను మేడమ్."

"తెలుగులో రాయి" అంది నజీరా. "ఇంగ్లీషు సంగతి తర్వాత చూద్దాం. వీళ్ళకి అర్థం కావాలి ముందు."

వాడు కాగితాన్ని మోకాలి మీద పెట్టుకున్నాడు. పెన్ను కదల్లేదు. నజీరా క్లాసులో అడిగినట్టే అడిగింది. "ఊళ్ళోకి ఎవరు వెళ్ళారు?"

"నేను."

"రాయి. సీసా ఎవరు నింపారు?"

"ఇంటివాళ్ళు."

"నువ్వు చూశావా?"

"లేదు మేడమ్."

"అదీ రాయి. ఆ నీళ్ళు వాళ్ళు రోజూ తాగేవేనా అని అడిగావా?"

వాడు పెన్ను ఆపాడు.

"మేడమ్, ఒక్కటడుగుతాను. అబద్ధం రాయకుండా, ఇదంతా చెప్పకుండా ఉండేటట్టు ఒక వాక్యం ఉండదా? మీకు తెలిసే ఉంటుంది. అది చాలు నాకు. సీటు పోదు, నేను అబద్ధమూ రాసినట్టు కాదు."

నజీరాకు తెలుసు. అలాంటి వాక్యాలు ఆమె ఎన్ని చూసిందో లెక్కలేదు. ఈ పిల్లాడి దగ్గర అది దాచిపెట్టడం కష్టంగానే ఉంది. పేటలో మొదటి పీహెచ్‌డీ అవుతాడనుకున్నవాడు వలలు అల్లుకుంటూ కూర్చుంటే అందులో తన చెయ్యి కూడా ఉంటుంది. ఆ పక్కనే బుడే గోడకానుకుని వాచిన కాళ్ళతో నిలబడి వింటున్నాడు. ఆమెకు నోరెండిపోయింది. ఎదురుగా గ్లాసులో మంచినీళ్ళున్నాయి, తాగాలనిపించలేదు.

"ఉంది" అంది చివరికి. "నీకు నేర్పను."

ఏసుబాబు పెన్ను మళ్ళీ కాగితం మీద పెట్టాడు. రాశాడు. రాసింది పైకి చదివాడు కూడా. 'సీసాలు నేను నింపలేదు. ఇంటివాళ్ళు నింపి ఇచ్చారు. అవి వాళ్ళు రోజూ తాగే నీళ్ళు కావు. కొని తెచ్చుకుని, అతిథులకు ఇచ్చే క్యాను నీళ్ళు. కాబట్టి నా ఫలితాలు ఈ ఊరి బోరు నీళ్ళ గురించి ఏమీ చెప్పవు.' బుడే ఆ చివరి వాక్యం మళ్ళీ చదివించుకున్నాడు. విని, మంచం మీద కూర్చుని, "కుర్రాడా, ఇందాకటి మాట మనసులో పెట్టుకోకు" అన్నాడు.

అనుకున్న వేళకన్నా ముందే జీపు వచ్చింది.

మండలాఫీసు నుంచి ఒక అధికారి, ఆయన వెనక ప్రొఫెసర్ ప్రేమ్‌చంద్ గారు దిగారు. ప్రేమ్‌చంద్ గారు దుర్మార్గుడేమీ కాదు. పిల్లల ఫీజులు తన జేబులోంచి కట్టిన రోజులున్నాయి. ఒకసారి పంపిన రిపోర్టు తప్పని ఒప్పుకోవడం మాత్రం ఆయన చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. పంచలో తన శిష్యుణ్ణి, వాడి పక్కన నజీరాను చూసేసరికి ఆయన నడక నెమ్మదించింది.

"నజీరా గారూ, మీరేంటి ఇక్కడ?"

"ఒక వాక్యం దిద్దాల్సి వచ్చింది సార్."

"భాష చూడమని కదా మిమ్మల్ని పెట్టుకుంది. విషయం నేను చూసుకుంటాను" అన్నారాయన. నవ్వుతూనే అన్నారు.

ఏసుబాబు లేచి కాగితం ఆయన చేతికిచ్చాడు. ఆయన నిలబడే చదివారు. చదువుతుంటే మొహంలో రంగు మారింది. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

"ఏంటది?" అన్నాడు అధికారి.

"డ్రాఫ్టు సార్. పిల్లలు రాసింది మేం దిద్దాలి కదా. ఫైనల్ రిపోర్టు మీ దగ్గరుంది, అదే ప్రమాణం."

"అది కాదు సార్..." అని నజీరా లేవబోయింది.

"కాలేజీ మాటలు కాలేజీలో మాట్లాడుకుందాం నజీరా గారూ." ఆ గొంతులో ఈసారి నవ్వు లేదు. తర్వాత ఆయన ఏసుబాబు భుజం మీద చెయ్యి వేశారు. "శాంపిళ్ళు పట్టింది నువ్వే కదా. సార్‌కి చెప్పు."

ఏసుబాబు పెదవులు కదిలాయి. మాట బయటికి రాలేదు. రాయడం వేరు, భుజం మీద ఆ చెయ్యి ఉండగా చెప్పడం వేరు. అధికారి ఆ మౌనాన్ని అవుననుకున్నాడు. కుర్చీలో కూలబడి, రుమాలుతో మెడ తుడుచుకుంటూ ఫైలు విప్పాడు.

"బుడే గారూ, ఇక్కడొక సంతకం పెట్టండి. అమ్మా, కాసిని మంచినీళ్ళిస్తావా? నాలుక పిడచకట్టుకుపోయింది."

ఖాజాబీ లేచింది. బుడే ఆమె వైపు చూశాడు. లోపల గిన్నెల చప్పుడు వినిపించింది. మామూలు కన్నా ఆలస్యమైంది.

బయటికి వచ్చినప్పుడు ఆమె ఒక చేత్తో క్యాను ఈడ్చుకొస్తోంది. రెండో చంకన బోరు నీళ్ళ బిందె ఉంది. రెండూ అధికారి ముందు దించింది. గోడవతల పక్కింటి ఆడవాళ్ళు పనులాపి చూస్తున్నారు. ఆమె వాళ్ళని కూడా చూసింది.

"ఏ నీళ్ళు పొయ్యమంటారు బాబూ? ఇంటికొచ్చినోళ్ళకి ఇచ్చేవా, మేం తాగేవా?"

"రెండు రకాలేంటమ్మా" అని అధికారి విసుక్కున్నాడు. "మీ ఊరి నీళ్ళన్నీ ఒకటేనని, శుభ్రంగా ఉన్నాయని ప్రొఫెసర్ గారే రాసిచ్చారు. ఏవో ఒకటి పొయ్యి."

ఖాజాబీ మొదట కదల్లేదు. జన్మలో చెయ్యని పని చెయ్యబోతోందని నజీరాకు అర్థమైంది. కళ్ళు తుడుచుకుని, బిందె వంచి, రెండు గ్లాసులు నింపింది. ఒకటి అధికారి చేతికిచ్చింది. రెండోది ప్రేమ్‌చంద్ గారి ముందుకు చాపింది.

"తీసుకోండి సార్. మీ కాయితంలో ఉన్న నీళ్ళే."

అధికారి గ్లాసు నోటిదాకా తీసుకెళ్ళి, వాసన తగిలి ఆగాడు. పక్కకి తిరిగి చూశాడు. ఖాజాబీ చెయ్యి అలాగే చాపి ఉంది. ప్రేమ్‌చంద్ గారి చెయ్యి ఏసుబాబు భుజం మీద నుంచి దిగింది గానీ గ్లాసు దాకా రాలేదు.

"ఏం ప్రొఫెసర్ గారూ" అన్నాడు అధికారి, తన గ్లాసు నెమ్మదిగా కిందికి దించుతూ. "మీరు తాగరా?"